అష్టావధానం జరుగుతున్నప్పుడు అవధాని మెదడులో ఏం జరుగుతుంది?

గోదారి శ్రీను
మా ఊరి గుళ్లో ఈమధ్య అష్టావధానం పెట్టారు. అంటే ఎనిమిది మంది పృచ్ఛకులు (ప్రశ్నించేవాళ్లు) అడిగేవాటన్నిటినీ అవధాని ఒక్కరే కలిపి నడిపించాలి. పద్యాల్లో నా ప్రవేశం అంతంతమాత్రం. మెదడు గురించి మాత్రం ఏది కనబడినా వదలకుండా చదువుతాను. అందుకే అందరూ పద్యాలకు చప్పట్లు కొడుతుంటే నా ధ్యాసంతా ఆయన ఎలా చేస్తున్నారన్న దాని మీదే ఉంది.

నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు తర్వాత ఏ అక్షరం వాడకూడదో చెప్తూ అక్షరం అక్షరానికీ అడ్డం పడుతున్నాడు. ఈలోగా వెనక ఎక్కడో గంట మోగుతుంది, దాన్ని లెక్కపెట్టుకోవాలి. సమస్యకి (ఇచ్చిన పాదంతో పద్యం పూర్తిచేయడం) రెండో పాదం ఎత్తుకోబోతుంటే, సంబంధంలేని మాటలతో ధ్యాస మళ్లించే అప్రస్తుత ప్రసంగం ఆయన లేచి, "అవధాని గారూ, కొత్తల్లుడికి కొత్తావకాయ వడ్డిస్తే ఎవరి ఘాటు ఎక్కువ?" అన్నాడు. దానికి సభంతా నవ్వేలా జవాబిచ్చి, ఆగిన చోటి నుంచే పాదం అందుకున్నారు. చివర్లో చేతిలో కాగితం ముక్క లేకుండా పద్యాలన్నీ ఒప్పజెప్పి, గంటలెన్నో కూడా చెప్పారు.

నా అనుమానాలు ఇవి. ఎనిమిది పనులూ నిజంగా ఒకేసారి జరుగుతున్నాయా? సగం చెప్పి వదిలేసిన పద్యం అప్పటిదాకా ఎక్కడుంటుంది? ఇలాంటి మెదడు పుట్టుకతో వస్తుందా, సాధనతో వస్తుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

సత్య, డాలస్
నాకు తోచింది చెప్తాను. ఆయనకి మనకంటే ర్యామ్ (కంప్యూటర్లో తాత్కాలిక జ్ఞాపకం లాంటిది) ఎక్కువ ఉండి ఉంటుంది. మనం మెదడులో పది శాతమే వాడతాం అంటారు కదా, అవధానులు ఇంకొంచెం ఎక్కువ వాడుతున్నారేమో.

న్యూరో పీజీ, విశాఖ
సత్య గారూ, ఆ పది శాతం మాటకి ఆధారమేమీ లేదండి. మన బరువులో మెదడు దాదాపు 2 శాతం. ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో మాత్రం దాదాపు 20 శాతం అదే తీసుకుంటుంది. పనికిరాని భాగాన్ని శరీరం ఇంత ఖర్చు పెట్టి పోషించదు. వార్డులో రోజూ చూస్తుంటాం, ఒక చిన్న రక్తనాళం మూసుకుపోతే చాలు, మాటో చెయ్యో చూపో పడిపోతుంది.

అయితే ర్యామ్ అన్నారు చూడండి, అసలు విషయం అక్కడుంది. ఒక్కసారి విన్నదాన్ని అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచడానికి హద్దుంది. 1956లో జార్జ్ మిల్లర్ ఆ హద్దు ఏడు, అటూ ఇటూగా రెండు అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ ఇంకా తగ్గించాడు. లోపల వల్లెవేసుకోనివ్వకుండా, గుంపులు కట్టుకోనివ్వకుండా చూస్తే నాలుగుకి మించదన్నాడు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పద్యానికి 80. అలాంటి పద్యాలు నాలుగు నడుస్తుంటే 320. ర్యామ్ రెట్టింపు ఉన్నా ఏ మూలకీ చాలదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 1959లో పీటర్సన్ దంపతులు ఒక ప్రయోగం చేశారు. మూడు హల్లులు చెప్పి, వెంటనే ఒక సంఖ్య ఇచ్చి, దాంట్లోంచి మూడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. 18 సెకన్లు గడిచేసరికి ఆ మూడు హల్లులూ దాదాపుగా చెరిగిపోయాయి. మూడంటే మూడు! లోపల వల్లెవేసుకునే తీరిక లేకుండా చేశారంతే. అప్రస్తుత ప్రసంగం చేసే పని సరిగ్గా ఇదే. అంటే అవధాని గారు పాదాన్ని మనసులో తిప్పుకుంటూ కూర్చోవడం లేదు. అది మరో చోటికి చేరిపోయింది.

తెనాలి పృచ్ఛకుడు
డాక్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. కళాశాలలో తెలుగు చెప్తాను, చాలా సభల్లో పృచ్ఛకుడిగా కూర్చున్నాను. లోపలి సంగతి కొంచెం చెప్తాను.

బయటినుంచి చూసేవారికి అవధాని 80 అక్షరాలు గుర్తుపెట్టుకున్నట్టు ఉంటుంది. ఆయన దృష్టిలో అక్కడ 80 విడి అక్షరాలు లేవు. ఉత్పలమాల అనగానే భ, ర, న, భ, భ, ర, వ అనే గణాల నడక ఆయన గొంతులో సిద్ధంగా ఉంటుంది. దానికోసం ఆలోచించనక్కర్లేదు. పదో అక్షరం యతి, పాదంలో మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి. రెండో అక్షరం ప్రాస, నాలుగు పాదాల్లోనూ అదే హల్లు. మొదటి పాదం పడిందంటే మిగతా మూడు పాదాల్లో రెండో హల్లు ఏమిటో తేలిపోయినట్టే.

ఒక్క చోటు దగ్గరగా చూద్దాం. వర్ణనలో చంద్రుడి మాట రావాలి. ఉత్పలమాలలో 10, 11, 12 అక్షరాలు భగణం, అంటే ఒక గురువు, రెండు లఘువులు. అక్కడికి చంద్రుడు సరిపోతాడు, జాబిలి సరిపోతుంది, సోముడూ సరిపోతాడు. చందమామ సరిపోదు. ఇక యతి. పాదం ‘సుందర’ అని మొదలైతే ఆ చోటికి సోముడే రావాలి. ‘చక్కని’ అని మొదలైతే సోముడు పనికిరాడు, జాబిలి హాయిగా కూర్చుంటుంది. ధారణలో, అంటే చివర్లో పద్యాలన్నీ ఒప్పజెప్పేటప్పుడు, ఆ మాట గుర్తురాక తడబడినా, భావం చంద్రుడనీ, పాదం ‘సుందర’తో మొదలైందనీ గుర్తుంటే చాలు, సోముడు తనంతట తానే బయటికొస్తాడు. కొత్తవాళ్లకి ఛందస్సు భారంగా కనిపిస్తుంది. ధారణలో అవధానిని ఒడ్డున పడేసేది ఆ ఛందస్సే.

వచన కవిత నాలుగు పేజీలు అప్పటికప్పుడు అల్లి, చివర్లో పొల్లుపోకుండా ఒప్పజెప్పమంటే ఎంతటి అవధానికైనా కష్టమే అని నా అభిప్రాయం.

ఉష, స్పీచ్ థెరపిస్ట్
మాస్టారూ, సోముడి ఉదాహరణ చదివి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మా పనిలో ఇదే సంగతి ఇంకోవైపు నుంచి కనిపిస్తుంది.

స్ట్రోక్ వచ్చి ఎడమ మెదడు ముందుభాగం దెబ్బతిన్నవాళ్లు మా దగ్గరికి వస్తారు. 1861లో పాల్ బ్రోకా ఫ్రాన్స్‌లో వర్ణించిన ప్రాంతం అది. ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, తాము చెప్పబోతే మాట పెగలదు. వాళ్లలో కొందరు ‘మంచినీళ్లు’ అనలేకపోయినా, చిన్నప్పటి శతక పద్యం మొదటి మాట అందిస్తే మిగతాది గడగడా అనేస్తారు. ఒకటి నుంచి పది దాకా అంకెలూ అంతే, దేవుడి పాటలూ అంతే. పక్కన కూర్చున్న ఇంట్లోవాళ్లు అది చూసి ఏడ్చేస్తారు, మాట వచ్చేసిందనుకుంటారు. అది మాట రావడం కాదని వాళ్లకి మెల్లగా చెప్పాల్సి వస్తుంది. ఆలోచించి వాక్యం కట్టడానికి ఒక దారి, ఎప్పుడో నోటికి పట్టేసినదాన్ని అప్పజెప్పడానికి ఇంకో దారి. ఈ రెండో దారిలో కుడి మెదడుకీ, అడుగున ఉండే బేసల్ గ్యాంగ్లియాకీ పాత్ర ఎక్కువని భావిస్తున్నారు.

అవధానిలో ఈ రెండు దారులూ కలిసి నడుస్తున్నాయని నాకనిపిస్తుంది. నడక రెండో దారిది, భావం మొదటి దారిది.

గోదారి శ్రీను
ఇంత బాగా చెప్తారనుకోలేదు. డాక్టర్ గారూ, పాదం "మరో చోటికి" చేరిందన్నారు. ఆ చోటేమిటి?

న్యూరో పీజీ, విశాఖ
డ్యూటీ వల్ల ఆలస్యమైంది. హిప్పోక్యాంపస్ నుంచి మొదలుపెడతాను. కణతల లోపలివైపు, రెండు పక్కలా ఉంటుంది. దాని విలువ లోకానికి తెలిసింది హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ వల్ల. 1953లో మూర్ఛ తగ్గించడానికి విలియం స్కోవిల్ అనే సర్జన్ ఆయనకి రెండువైపులా ఆ ప్రాంతం చాలావరకు తీసేశాడు. మూర్ఛలు తగ్గాయి. కొత్త సంగతులు గుర్తుండటం మాత్రం ఆగిపోయింది. 2008లో చనిపోయేదాకా అంతే.

బ్రెండా మిల్నర్ ఆయన్ని ఏళ్ల తరబడి పరీక్షించింది. ఒకసారి 584 అనే సంఖ్య ఇస్తే, అంకెలతో ఏవో లెక్కలు కట్టుకుంటూ పావుగంట దాకా పట్టి ఉంచాడు. ధ్యాస మళ్లిన కాసేపటికే సంఖ్యతో పాటు అసలు సంఖ్య ఒకటిచ్చారన్న సంగతి కూడా పోయింది. అదే మనిషి, అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య గీయడం రోజురోజుకీ మెరుగుపరుచుకున్నాడు, నిన్న గీసినట్టు గుర్తులేకుండానే. పట్టి ఉంచడం వేరు, జరిగినదాన్ని భద్రపరచడం వేరు, చేతికి పని అలవాటవడం వేరు అని ఒకే మనిషిలో తేలింది.

ఇది అవధానానికి అన్వయించి చూడండి. గణాల నడక ఏళ్ల సాధనతో అలవాటుగా దిగిపోయింది. ఉష గారన్న బేసల్ గ్యాంగ్లియా, దానితోపాటు చిన్నమెదడు ఆ పని చూస్తాయి. పర్యాయపదాలు, పురాణ కథలు, వేల పద్యాలు కణత భాగాల వల్కలంలో (మెదడు పైపొరలో) అర్థాల వలగా పరుచుకుని ఉన్నాయి. ఇప్పుడు చెప్పిన పాదం కొత్తది, దాన్ని ఈ పాత జ్ఞానంతో ముడివేసేది హిప్పోక్యాంపస్. ఆ ముడి పడ్డాక అప్రస్తుత ప్రసంగం ఎంత సాగినా పాదం చెరగదు. ఏ పృచ్ఛకుడి దగ్గర ఎందాకా వచ్చామన్న చిట్టాని నడిపేది, నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ భాగం.

1980లో అండర్స్ ఎరిక్సన్ బృందం రాసిన ఒక విద్యార్థి కథ దీనికి గట్టి సాక్ష్యం. మొదట్లో అతనికి మనందరిలాగే ఏడంకెలే నిలిచేవి. దాదాపు 20 నెలల్లో, 230 గంటల సాధన తర్వాత, దాదాపు 80 అంకెల దాకా వెళ్లాడు. అతను రన్నర్. మూడు, నాలుగు అంకెలు కలిపి పరుగుపందెం టైమింగులుగా మార్చుకునేవాడు. అంకెలు తీసేసి హల్లులు ఇచ్చారు. ఆరు దగ్గర ఆగిపోయాడు! ర్యామ్ పెరగలేదు. తనకి బాగా తెలిసిన ఒక రంగం అంకెలకి ఆధారమైంది, అంతే. ఎరిక్సన్, కింట్ష్ కలిసి 1995లో ఈ ఆలోచననే సిద్ధాంతంగా పెట్టారు. నిపుణుడు తన రంగంలో దీర్ఘకాలిక జ్ఞాపకాన్నే అప్పటికప్పుడు వాడే జ్ఞాపకంలా వాడుకోగలడని.

సత్య, డాలస్
ఇది చదివాక ర్యామ్ మాట పూర్తిగా వదిలేస్తున్నాను. ఒక్క సందేహం. ఎనిమిది పనులు ఒకేసారి జరుగుతున్నట్టా, లేక ఒకదాని నుంచి ఇంకోదానికి వేగంగా మారుతున్నట్టా? మా ఆఫీసులో మీటింగ్‌లో ఉంటూ కోడ్ రాసేవాళ్లు రెండూ పాడుచేస్తారు.

న్యూరో పీజీ, విశాఖ
మారడమే. ధ్యాస పెట్టాల్సిన రెండు పనులు ఒకేసారి ఇస్తే రెండోది క్యూలో నిలబడుతుంది, ఒకదాన్నించి ఇంకోదానికి మారిన ప్రతిసారీ కొంత టైమ్ పోతుంది. అవధానం అమరిక కూడా దీనికి తగ్గట్టే ఉంది, పృచ్ఛకులు వరసగా అడుగుతారు, ఆవృత్తానికి (ఒక్కో చుట్టుకి) ఒక్కో పాదం. వరసలో లేనివి రెండే, అప్రస్తుత ప్రసంగం, గంట. ఊహించని శబ్దం వైపు ధ్యాసని లాగే యంత్రాంగం ఎక్కువగా కుడి మెదడులో, కణత, పెరైటల్ (నడినెత్తి కింది) భాగాలు కలిసేచోట ఉంటుంది. నిషిద్ధాక్షరిలో పని ఇంకోరకం. నోటిదాకా వచ్చిన అక్షరాన్ని ఆపి, దారి మార్చాలి. అలా ఆపడంలో కుడివైపు ఫ్రంటల్ కింది భాగానికి ముఖ్యపాత్ర ఉంది.

తెనాలి పృచ్ఛకుడు
డాక్టర్ గారూ, ఇక్కడ మాత్రం మీతో పూర్తిగా ఏకీభవించలేను. చాలామంది అవధానులు చెప్పేది వేరుగా ఉంది. అప్రస్తుత ప్రసంగానికి జవాబు చెప్తుండగానే లోపల తర్వాతి పాదం తయారవుతూ ఉంటుందట. జవాబు ముగిసేసరికి పాదం నోట్లో ఉంటుందట. మారడమే అయితే జవాబు చెప్పినంతసేపూ పాదం ఆగిపోవాలి కదా. ఆశువుగా చెప్పేటప్పుడు "నేను చెప్పడం లేదు, అదే వస్తోంది" అంటారు. దాన్ని అమ్మవారి కటాక్షం అంటారు, నేనూ నమ్ముతాను. మీరు మెదడు వైపు నుంచి ఏమంటారో వినాలని ఉంది.

న్యూరో పీజీ, విశాఖ
మాస్టారూ, మీ అభ్యంతరంలో బలముంది. ధ్యాస ఒక్కచోటే ఉంటుందన్నాను గానీ, ధ్యాస అవసరంలేని పని వెనక సాగదని అనలేను. ఛందస్సు అంత అలవాటైన మనిషికి గణాలకి మాటలు అమర్చే పనిలో కొంతైనా అలా సాగే వీలుంది.

"అదే వస్తోంది" అన్న మాటకి దగ్గరగా వచ్చే ప్రయోగాలు రెండున్నాయి. 2008లో చార్లెస్ లింబ్, అలెన్ బ్రాన్ ఆరుగురు జాజ్ పియానో కళాకారుల్ని, మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకోబెట్టి చిన్న కీబోర్డు ఇచ్చారు. నేర్చుకున్న పాట వాయించినప్పటికంటే, అప్పటికప్పుడు కల్పించి వాయించినప్పుడు ప్రీఫ్రంటల్‌లో పక్కభాగం నెమ్మదించింది, మధ్యభాగం చురుకైంది. పక్కభాగం మనల్ని మనమే గమనించుకుంటూ సరిదిద్దుకునే పనిలో ఉంటుంది. 2012లో ఆశువుగా ర్యాప్ చెప్పే 12 మంది మీద చేసినప్పుడూ ఇలాంటి ఫలితమే వచ్చింది. ర్యాప్‌లోనూ లయ ఉంది, ప్రాస ఉంది, ఆగకూడదన్న నియమం ఉంది. అవధానికీ ఆశువులో ఇలాగే జరుగుతుండవచ్చని నా ఊహ. కటాక్షం గురించి వాదించను, స్కానర్ దాన్ని కొలవదు.

లక్ష్మి, ఖమ్మం
అందరికీ నమస్కారం. మా బాబు తొమ్మిదో తరగతి. అవధాన పద్ధతులు నేర్పితే జ్ఞాపకశక్తి పెరిగి చదువులో ముందుంటాడని ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు పెద్ద ఫీజు చెప్పారు. చేర్పించమంటారా? ఫిజిక్స్ మర్చిపోతున్నాడని ఇంట్లో ఒకటే టెన్షన్.

ఉష, స్పీచ్ థెరపిస్ట్
లక్ష్మి గారూ, పద్యాల మీద ఇష్టముంటే తప్పకుండా నేర్పించండి, దానికదే గొప్ప విద్య. ఫిజిక్స్ కోసమైతే మాత్రం వద్దు. పైన ఆ రన్నర్ కథ మళ్లీ చూడండి. 80 అంకెలు చెప్పగలిగినవాడికి హల్లులు ఆరే నిలిచాయి. జ్ఞాపకశక్తి అనే ఒక్క కండ లేదు, దేంట్లో సాధన చేస్తే దాంట్లోనే పెరుగుతుంది. బాబుకి ఫిజిక్స్ నిలవాలంటే ఫిజిక్స్ అర్థం కావాలి.

చదివే పద్ధతిలో ఒక మార్పు మాత్రం చేయించండి, డబ్బు ఖర్చు లేదు. 2006లో రోడిగర్, కార్పికీ కొంతమంది చేత ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివించారు. ఇంకొంతమంది చేత ఒక్క విడతే చదివించి, తర్వాతి మూడు విడతలూ పుస్తకం మూసి గుర్తున్నది రాయించారు. వారం తర్వాత చూస్తే మొదటివాళ్లకి 40 శాతం, రెండోవాళ్లకి 61 శాతం గుర్తుంది. మన పాత బడుల్లో పుస్తకం మూయించి ఒప్పజెప్పించడంలో ఉన్న మేలు ఇదే. అర్థం చెప్పకుండా ఒప్పజెప్పించడమే దాంట్లో లోపం.

చింటూ నాన్న
మూడో ప్రశ్న అలాగే ఉండిపోయింది. పుట్టుకా, సాధనా?

న్యూరో పీజీ, విశాఖ
సాధన మెదడు ఆకారాన్నే మారుస్తుందనడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ లండన్ టాక్సీ డ్రైవర్లు. వేల వీధులు నోటికి వస్తే గానీ లైసెన్సు రాదు. 2000లో ఎలినార్ మగ్వైర్ బృందం 16 మందిని స్కాన్ చేస్తే హిప్పోక్యాంపస్ వెనకభాగం పెద్దదిగా కనిపించింది. పెద్దది ఉన్నవాళ్లే డ్రైవర్లయ్యారేమో అన్న అనుమానం 2011లో తీరింది. నేర్చుకునేవాళ్లని మొదటినుంచీ గమనిస్తే, పాసైనవాళ్లలోనే అది పెరిగింది. దీనికి ఒక ధర కూడా ఉంది. కొత్త బొమ్మని చూసి తర్వాత గీయమనే పరీక్షలో ఆ డ్రైవర్లు మామూలువాళ్లకంటే వెనకబడ్డారు.

మన దేశంలో జేమ్స్ హార్ట్‌జెల్ బృందం (ఫలితాలు 2016లో వచ్చాయి) యజుర్వేద పండితుల్ని, వేదం నేర్వని మామూలువాళ్లతో పోల్చి హర్యానాలోని మానేసర్ జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో స్కాన్ చేసింది. పండితుల మెదడు వల్కలంలో చాలాచోట్ల మందం ఎక్కువగా ఉంది. ఇది ఒక్కసారి తీసిన స్కాన్ కాబట్టి ఏది ముందు, ఏది తర్వాత అని తేలదు.

ఇంకోవైపు, మగ్వైర్ బృందమే 2003లో జ్ఞాపకశక్తి పోటీల్లో నెగ్గేవాళ్లని చూసింది. ఆకారంలో తేడా లేదు, తెలివితేటల పరీక్షలోనూ ఎక్కువ రాలేదు. తెలిసిన దారిలో నడుస్తూ ఒక్కోచోట ఒక్కో సంగతి పెట్టుకునే పాత పద్ధతి దాదాపు అందరూ వాడుతున్నారు. పుట్టుక పాత్ర లేదనను. వినికిడి, ఓపిక, భాష మీద మక్కువ అందరికీ సమానంగా రావు. కానీ పద్యాల మధ్య పెరగని మనిషి, ఎంత మెదడున్నా, అవధాని కాలేడు.

చింటూ నాన్న
ధన్యవాదాలు. మా అమ్మకి మతిమరుపు మొదలైంది. పద్యాలు, భాషలు వచ్చినవాళ్లకి అది రాదంటారు, నిజమేనా?

ఉష, స్పీచ్ థెరపిస్ట్
రాదని కాదండి. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురానివాళ్లలోనూ ఆ తేడా ఉంది. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడే ఊళ్లో ఇలాంటి పరిశీలనకి వీలు కుదిరింది. జబ్బులేనివాళ్లని ఏళ్ల తరబడి వెంబడించి చూసిన వేరే అధ్యయనాల్లో మాత్రం ఈ మేలు అంత స్పష్టంగా కనబడలేదు. అమ్మగారిని ముందు న్యూరాలజిస్టుకి చూపించండి. థైరాయిడ్, బీ12 తక్కువైనా మతిమరుపు వస్తుంది, వాటికి మందుంది. వాయిదా వెయ్యకండి.

గోదారి శ్రీను
నాకో ఆలోచన వచ్చింది. ఇక్కడ చెప్పుకున్నదంతా నిజమైతే, అప్రస్తుత ప్రసంగం ఎంత సాగినా ధారణలో పద్యం చెడకూడదు, దానికి అర్థం, యతి, ప్రాస ఆధారంగా ఉన్నాయి. గంటల లెక్కకి అలాంటి ఆధారమేదీ లేదు, వట్టి సంఖ్య. కాబట్టి తప్పు పడితే అక్కడే పడాలి. మాస్టారూ, మీరు చూసిన సభల్లో ఎలా ఉంది?

తెనాలి పృచ్ఛకుడు
నేను చూసినంతలో అలాగే ఉంది బాబూ. ధారణలో పాదం మొత్తం ఎగిరిపోవడం అరుదు. ఒక మాట బదులు ఇంకో మాట పడుతుంది, అదీ ఛందస్సుకి సరిపోయేదే. గంటల దగ్గర మాత్రం మంచి అవధానులు కూడా ఒకటి అటో ఇటో చెప్పడం చూశాను, ముఖ్యంగా నిషిద్ధాక్షరి మధ్యలో కొట్టినప్పుడు. ఉగాదికి మా కళాశాలలో అవధానం ఉంది. రికార్డు చేయిస్తాను. గంట ఏ అంశం మధ్యలో మోగిందో మీరు రాసుకోండి, ధారణలో మారిన మాటలు నేను రాస్తాను. డాక్టర్ గారికీ ఉష గారికీ కూడా ఆహ్వానం.

న్యూరో పీజీ, విశాఖ
తప్పకుండా వస్తాను మాస్టారూ. ఒక్క కోరిక, గంట కొట్టే ఆయనకి కొట్టాల్సిన సమయాలు ముందే చీటీ మీద రాసిద్దాం. కొన్ని నిషిద్ధాక్షరి మధ్యలో, అన్నే వర్ణన మధ్యలో. అవధాని గారికి మాత్రం ముందుగా చెప్పకండి.